పైపు తినేసే ఎత్తు: పంపు ‘హెడ్’ లెక్క తెలుసుకుందాం

పక్కపక్కనే రెండు పొలాలు. రెండింటిలోనూ 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటార్లే ఉన్నాయి. బోర్లలో నీటిమట్టం కూడా ఇంచుమించు ఒకటే. అయినా ఒక పొలంలో నీళ్లు పైపు నిండా దూకుతుంటే, రెండో పొలంలో సగం పైపు కూడా పారడం లేదు. ‘బోరులో నీళ్లు తగ్గాయి’ అంటారు ఒకరు. ‘మోటారుకు బలం చాలడం లేదు, ఏడున్నర దించు’ అంటారు ఇంకొకరు. ఇలాంటి సందర్భాల్లో చాలామంది అప్పు చేసైనా పెద్ద మోటారు కొంటారు, లేదంటే బోరును మరింత లోతు చేయిస్తారు.

కానీ లోపం భూమి లోపల కాకుండా భూమి మీదే ఉండవచ్చు. బోరు నుంచి పొలం చివరి వరకు వేసిన సన్నపాటి పైపే ఆ నీళ్లను అడ్డుకుంటూ ఉండవచ్చు. అది తేల్చుకోవాలంటే పంపు నేమ్‌ప్లేటు మీద హెచ్‌పీ పక్కనే కనిపించే మరో మాటను అర్థం చేసుకోవాలి. ఆ మాట ‘హెడ్’.

హెడ్ అంటే ఏమిటి?

పంపు చేసే పని నీటికి శక్తినివ్వడం. ఆ శక్తితో నీరు ఎంత ఎత్తుకు వెళ్లగలదో చెప్పే కొలతే హెడ్. దీన్ని మీటర్లలో చెబుతారు. 30 మీటర్ల హెడ్ అంటే, రాపిడి ఏమీ లేకపోతే ఆ పంపు నీటిని 30 మీటర్ల ఎత్తుకు చేర్చగలదని అర్థం.

ఎత్తుకూ ఒత్తిడికీ సూటి సంబంధం ఉంది. 10 మీటర్ల ఎత్తున్న నీటి స్తంభం అడుగున ప్రతి చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలో ఒత్తిడి పడుతుంది. డ్రిప్ లైను గేజీలో ‘ఒక కిలో’ చూపిస్తోందంటే అక్కడ 10 మీటర్ల హెడ్ మిగిలి ఉందన్నమాట.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. లావు పైపు వేస్తే అందులో నీటి బరువు ఎక్కువవుతుంది కదా, మోటారుపై భారం పడదా? పడదు. నీటి స్తంభం అడుగున ఉండే ఒత్తిడి దాని ఎత్తును బట్టే ఉంటుంది, లావును బట్టి కాదు. గ్లాసులో మీటరు ఎత్తు నీరున్నా, చెరువులో మీటరు లోతు నీరున్నా అడుగున ఒత్తిడి ఒక్కటే. 17వ శతాబ్దంలోనే పాస్కల్ ఈ సంగతి వివరించారు. లావు పైపు మోటారును కష్టపెట్టదు సరికదా, పని తేలిక చేస్తుంది. ఎలాగో ముందు ముందు చూద్దాం.

బోరు లోతు వేరు, హెడ్ వేరు

‘మాది 400 అడుగుల బోరు, అంత హెడ్ ఉన్న పంపు ఇవ్వండి’ అని దుకాణంలో అడగడం మామూలే. ఇది పొరపాటు. బోరు ఎంత లోతు తవ్వామన్నదీ, పంపును ఎంత లోతున వేలాడదీశామన్నదీ హెడ్‌ను నిర్ణయించవు. మోటారు నడుస్తున్నప్పుడు బోరులో నీరు ఏ మట్టం దగ్గర నిలుస్తుందో అక్కడి నుంచే లెక్క మొదలవుతుంది. పంపు నీటిలో మునిగి ఉన్నంత మేరా చుట్టూ ఉన్న నీరే దాన్ని పైకి నెడుతుంది, కాబట్టి ఆ భాగానికి పంపు కష్టపడనక్కర్లేదు.

‘మోటారు నడుస్తున్నప్పుడు’ అన్న మాట ముఖ్యం. పొద్దున్నే స్విచ్ వేయకముందు 40 మీటర్ల దగ్గరున్న నీరు, గంటసేపు తోడాక 60 మీటర్లకు దిగిపోవచ్చు. హెడ్ లెక్కకు తీసుకోవాల్సింది 60నే. వేసవిలో అది ఇంకా కిందికి పోతుందనీ గుర్తుంచుకోవాలి.

పంపు మోయాల్సిన మొత్తం హెడ్‌లో మూడు భాగాలుంటాయి. మొదటిది, నడుస్తున్నప్పటి నీటిమట్టం నుంచి నీరు బయటపడే చోటి వరకు ఉన్న నిలువు ఎత్తు. రెండోది, చివరన కావలసిన ఒత్తిడి. కాలువలోకి వదిలేస్తే ఇది దాదాపు సున్నా. డ్రిప్ అయితే డ్రిప్పర్ దగ్గర సుమారు 10 మీటర్లు, స్ప్రింక్లర్ అయితే 20 నుంచి 30 మీటర్లు కావాలి. మూడోది, పైపుల్లో రాపిడి వల్ల పోయే హెడ్. మొదటి రెండూ టేపుకూ గేజీకీ అందుతాయి. మూడోది కంటికి కనిపించదు, అందుకే దాన్ని లెక్కలో వదిలేస్తుంటాం.

రాపిడి లెక్క

పైపులో నీరంతా ఒకే వేగంతో కదలదు. గోడను అంటుకుని ఉన్న పొర దాదాపు కదలకుండా నిలిచిపోతుంది, మధ్యలోని నీరు వేగంగా పరుగెడుతుంది. ఈ పొరల మధ్య రాపిడి వల్లా, లోపల పుట్టే సుడుల వల్లా నీటి శక్తిలో కొంత వేడిగా మారిపోతుంది. ఆ వేడి నీటిలోనే కలిసిపోతుంది కాబట్టి చేత్తో తాకినా తెలియదు. కానీ దాన్ని పుట్టించిన శక్తి మాత్రం మోటారు నుంచే వస్తుంది.

ఈ నష్టాన్ని లెక్కకట్టే సూత్రానికి జర్మనీకి చెందిన జూలియస్ వైస్‌బాక్ 1845లో రూపమిచ్చారు. ఫ్రాన్స్‌లోని దిజాఁ నగరానికి తాగునీటి వ్యవస్థ నిర్మించిన ఇంజినీరు ఆన్రీ డార్సీ రకరకాల పైపులపై ప్రయోగాలు చేసి 1857లో ఫలితాలు ప్రచురించారు. పైపు లోపలి గోడ ఎంత గరుకుగా ఉందన్నది కూడా నష్టాన్ని మారుస్తుందని ఆ ప్రయోగాలు తేల్చాయి. అందుకే ఈ సూత్రాన్ని డార్సీ–వైస్‌బాక్ సూత్రం అంటారు. నేల పొరల్లో నీటి కదలికను వివరించే ‘డార్సీ నియమం’ కూడా ఈ ఇంజినీరుదే. బోరులోకి నీరు ఊరే తీరును, బోరు నుంచి వచ్చిన నీరు పైపులో పోయే తీరును రెండింటినీ అర్థం చేసుకోవడానికి ఒకే మనిషి పని నేటికీ ఉపయోగపడుతోంది.

సూత్రం చెప్పేదాన్ని మామూలు మాటల్లో ఇలా చెప్పుకోవచ్చు. పైపు పొడవు రెట్టింపైతే నష్టం రెట్టింపవుతుంది. అదే పైపులో రెట్టింపు నీరు పంపితే నష్టం దాదాపు నాలుగింతలవుతుంది. పంపే నీటిని మార్చకుండా పైపు వ్యాసాన్ని సగం చేస్తే మాత్రం నష్టం రెండింతలో నాలుగింతలో కాదు, ఏకంగా సుమారు 32 రెట్లవుతుంది. వ్యాసం సగమైతే నీరు పోయే దారి నాలుగో వంతుకు కుంచించుకుపోతుంది, వేగం నాలుగింతలవుతుంది. నష్టం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 16 రెట్లు. దానికితోడు సన్న పైపులో నీటిలో ఎక్కువ వాటా గోడల పక్కనే పోతుంది, దాంతో మరో రెండు రెట్లు. పైపు వ్యాసంలో చిన్న తేడా నష్టంలో ఇంత పెద్ద తేడాగా మారడానికి కారణం ఇదే.

ఒక పొలం లెక్క

మనం మొదట చెప్పుకున్న రెండు పొలాలకే లెక్క వేద్దాం. మోటారు నడుస్తున్నప్పుడు బోరులో నీటిమట్టం 60 మీటర్ల దగ్గర ఉంది. పొలం చివరి మడి బోరు కంటే 6 మీటర్లు ఎత్తున, 300 మీటర్ల దూరంలో ఉంది. సెకనుకు 3 లీటర్లు కావాలి. నిలువు ఎత్తు 66 మీటర్లు. బోరులోని 75 మీటర్ల జీఐ పైపులో రాపిడి సుమారు 4 మీటర్లు. ఈ 70 మీటర్లు ఇద్దరికీ సమానమే.

ఇక నేల మీది 300 మీటర్ల పీవీసీ లైను. మన దగ్గర పీవీసీ పైపును బయటి వ్యాసంతో పిలుస్తారు. కాబట్టి 50 మి.మీ. పైపులో లోపలి దారి సుమారు 45 మి.మీ. మాత్రమే. ఎక్కువ ఒత్తిడి తట్టుకునే పైపు అయితే గోడ మందం పెరిగి ఆ దారి ఇంకా తగ్గుతుంది. పైపుల లెక్కలకు ఇంజినీర్లు వాడే హేజెన్–విలియమ్స్ సూత్రంతో చూస్తే ఇలా వస్తుంది:

50 మి.మీ. పైపు: నీటి వేగం సెకనుకు 1.9 మీటర్లు, రాపిడి నష్టం సుమారు 26 మీటర్లు.
63 మి.మీ. పైపు: వేగం 1.1 మీటర్లు, నష్టం సుమారు 7.5 మీటర్లు.
75 మి.మీ. పైపు: వేగం 0.8 మీటర్లు, నష్టం సుమారు 3.3 మీటర్లు.

26 మీటర్లంటే 85 అడుగులు. 50 మి.మీ. పైపు వేసిన రైతు బోరులో నీరు మరో 85 అడుగులు కిందికి దిగిపోయినంత భారాన్ని పంపు మీద పెట్టుకున్నట్టే. నీటిమట్టం పడిపోయిందని అందరం బాధపడతాం. పైపు వల్ల పడిపోయిన ఈ 85 అడుగులను ఎవరూ పట్టించుకోరు.

63 నుంచి 75కు మారితే మిగిలేది నాలుగు మీటర్లే అన్నది కూడా గమనించాలి. పైపు లావు పెంచే కొద్దీ ఖర్చు పెరుగుతుంది, లాభం తగ్గుతూ వస్తుంది. పైపులో నీటి వేగం సెకనుకు ఒకటి, ఒకటిన్నర మీటర్లు దాటకుండా చూసుకుంటే సాధారణంగా సరిపోతుంది.

పాత పైపుల సంగతి వేరు. జీఐ పైపు లోపల తుప్పు, సున్నపు పొర పేరుకుంటే బోరులోని ఆ 4 మీటర్ల నష్టమే రెట్టింపు కావచ్చు. మలుపులు కూడా హెడ్‌ను తింటాయి. ఒక్క ఎల్బో దాదాపు 30 వ్యాసాల పొడవున్న పైపుతో సమానం. అంటే 63 మి.మీ. లైనులో ప్రతి ఎల్బో సుమారు పావు తక్కువ రెండు మీటర్ల పైపు కింద లెక్క. ఒకటి రెండు ఉంటే ఫర్వాలేదు. పది ఉంటే, వాటికి సగం మూసుకుపోయిన వాల్వు తోడైతే ఆలోచించాల్సిందే.

మోటారు సర్దుకుంటుంది, నీరు తగ్గుతుంది

పైపు 96 మీటర్ల హెడ్ అడుగుతుంటే పంపు దగ్గర 77 మీటర్ల సత్తాయే ఉంటే ఏమవుతుంది? పంపు ఆగిపోదు. సెంట్రిఫ్యూగల్ పంపు స్వభావం ఏమిటంటే, ఎక్కువ ఎత్తు ఎక్కించాల్సి వస్తే తక్కువ నీరిస్తుంది, తక్కువ ఎత్తయితే ఎక్కువ నీరిస్తుంది. తయారీదారులు ఇచ్చే పంపు గ్రాఫులో కనిపించేది ఇదే. పైపులైనుకూ ఒక గీత ఉంటుంది. నీరు పెరిగే కొద్దీ అది అడిగే హెడ్ పెరుగుతుంది. రెండు గీతలూ కలిసే చోటే పంపు పనిచేస్తుంది.

63 మి.మీ. లైనుతో సెకనుకు 3 లీటర్లు ఇచ్చే ఒక ఉదాహరణ పంపును తీసుకుని అదే లెక్క 50 మి.మీ. లైనుకు వేస్తే సుమారు 2.45 లీటర్ల దగ్గర గీతలు కలుస్తాయి. తేడా అర లీటరే కదా అనిపిస్తుంది. రోజుకు 9 గంటలు నడిపితే ఒకరికి 97 వేల లీటర్లు అందుతాయి, మరొకరికి 79 వేల లీటర్లే. రోజుకు దాదాపు 18 వేల లీటర్ల తేడా. వేసవిలో చివరి మడి ఎండుతుందా బతుకుతుందా అన్నది ఈ తేడాలోనే ఉంటుంది.

అందుకని పంపు పెంచితే? సన్న పైపులోంచే 3 లీటర్లు రాబట్టాలంటే 96 మీటర్ల హెడ్ కావాలి. పంపు సామర్థ్యం 62 శాతం అనుకుంటే దానికి 6 హెచ్‌పీకి పైగా అవసరం, అంటే ఏడున్నర హెచ్‌పీ మోటారు కొనాలి. 63 మి.మీ. పైపుకు మారితే పాత 5 హెచ్‌పీయే సరిపోతుంది. పైపు ఖర్చు ఒక్కసారిదే. రాపిడి ఖర్చు మోటారు తిరిగిన ప్రతి గంటకూ ఉంటుంది.

ఎక్కువ హెడ్ ఉన్న పంపు ఎప్పుడూ మేలే అనుకోవడం కూడా తప్పే. 100 మీటర్ల హెడ్ కోసం చేసిన పంపును 40 మీటర్ల పనికి పెడితే అది మితిమీరిన నీటిని తోడబోయి ఎక్కువ కరెంటు లాగుతుంది. బోర్లలో వాడే చాలా పంపుల్లో నీటి ప్రవాహం పెరిగితే మోటారుపై భారం పెరుగుతుంది. మోటార్లు కాలిపోవడానికి తక్కువ వోల్టేజీ, ఒక ఫేజు పోవడం, నీరు లేకుండా తిరగడం ఎలా కారణాలో, ఇలా పనికి సరిపోలని పంపు కూడా ఒక కారణమే. నేమ్‌ప్లేటు మీద ‘హెడ్ రేంజి’ అని రెండు అంకెలు ఇచ్చేది ఇందుకే. మన మొత్తం హెడ్ ఆ రెంటి మధ్యలో ఉండాలి.

బావి దగ్గర ఇంకో హద్దు

తెరిచిన బావి గట్టుమీద మోనోబ్లాక్ పంపు పెట్టినవారికి మరో నియమం వర్తిస్తుంది. పంపు నీటిని నిజంగా ‘పీల్చదు’. పంపులో ఒత్తిడి తగ్గితే బయటి గాలి ఒత్తిడే బావి నీటిని పైకి నెడుతుంది. వాతావరణ ఒత్తిడి సముద్రమట్టం దగ్గర 10.3 మీటర్ల నీటి స్తంభాన్ని మాత్రమే మోయగలదు. పీల్చే పంపులు ఒక ఎత్తు దాటి నీరు ఇవ్వవన్న సంగతిని గెలీలియో 1638 నాటి గ్రంథంలో ప్రస్తావించారు. గాలి బరువే అందుకు కారణమని 1644లో టొరిచెల్లి వివరించారు.

ఆచరణలో 6, 7 మీటర్లే నమ్మకమైన హద్దు. ఈ కొద్దిపాటి ఎత్తులోంచే ఫుట్ వాల్వు, సక్షన్ పైపు రాపిడి కూడా తమ వాటా తీసుకుంటాయి. కాబట్టి సక్షన్ పైపు డెలివరీ పైపు కంటే సన్నగా ఉండకూడదు, ఒక సైజు పెద్దదైతే ఇంకా మంచిది. జాలీకి నాచు పట్టిన ఫుట్ వాల్వును శుభ్రం చేసినా నీరు పెరగడం చూస్తుంటాం.

నగరానికి నీరు ఎక్కించాలంటే

ఇదే లెక్క నగరాలకూ వర్తిస్తుంది. హైదరాబాద్ తాగే కృష్ణా నీటి సంగతి చూడండి. నాగార్జునసాగర్ జలాశయం పూర్తి మట్టం 590 అడుగులు, అంటే సుమారు 180 మీటర్లు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. నిలువు తేడాయే 320 మీటర్లు దాటుతుంది. వెయ్యి లీటర్లను ఒక మీటరు ఎత్తడానికి 2.7 వాట్-అవర్ల శక్తి కావాలి. పంపూ మోటారూ కలిపి 80 శాతం సామర్థ్యంతో పనిచేశాయనుకున్నా, వెయ్యి లీటర్లు నగరం చేరడానికి ఎత్తు కోసమే ఒక యూనిట్ విద్యుత్ ఖర్చవుతుంది.

దానిమీద దూరం ఉంది. వంద కిలోమీటర్లకు పైగా సాగే లైనులో కిలోమీటరుకు ఒక్క మీటరు చొప్పున రాపిడి నష్టం ఉన్నా మరో 100 మీటర్ల హెడ్ కలుస్తుంది. ఇంత నీటికి భారీ వ్యాసమున్న పైపులు వేసేదీ, పంపింగును దశలవారీగా చేసేదీ ఈ లెక్క వల్లనే. మన వంటింటి కుళాయి కారితే పోయేది నీరొక్కటే కాదు, ఆ ఎత్తంతా ఎక్కించిన కరెంటు కూడా.

బిల్లు రాకపోయినా ఖర్చు ఉంది

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వ్యవసాయానికి విద్యుత్ ఉచితం. కాబట్టి రాపిడి నష్టం రైతుకు బిల్లు రూపంలో కనిపించదు. మన ఉదాహరణలో సన్న పైపులోంచే 3 లీటర్లు తోడాలంటే 18.5 మీటర్ల అదనపు హెడ్‌కు సుమారు 1.2 కిలోవాట్లు, 9 గంటలకు పదిన్నర యూనిట్లు ఎక్కువ ఖర్చవుతాయి. వంద రోజుల పంటకు వెయ్యి యూనిట్లకు పైనే. రైతు కట్టకపోయినా ఆ సొమ్ము ప్రభుత్వం నుంచి, అంటే చివరకు ప్రజల నుంచే వస్తుంది. ఆ భారం ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మీద కూడా పడుతుంది. ఒక్కో మోటారు అవసరానికి మించి లాగితే అందరికీ వోల్టేజీ తగ్గుతుంది.

రైతు తన వంతుగా కట్టే ధర మాత్రం నీళ్ల రూపంలో ఉంటుంది. కరెంటు ఉన్న గంటల్లో వచ్చే నీరే పంటకు దిక్కు. ఆ గంటల్లో పైపు ఎంత హెడ్ తినేస్తే అంత నీరు తగ్గుతుంది.

డ్రమ్ము పరీక్ష

లోపం బోరులో ఉందా, పైపులో ఉందా? దీనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. 200 లీటర్ల డ్రమ్ము, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. మోటారును అరగంట నడవనిచ్చి, లైను చివర డ్రమ్ము నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడాలి. తరువాత బోరు దగ్గరే లైను విప్పి అక్కడా అలాగే కొలవాలి. 200ను సెకన్లతో భాగిస్తే సెకనుకు ఎన్ని లీటర్లో తెలుస్తుంది.

మన ఉదాహరణ పంపుతో బోరు దగ్గర డ్రమ్ము సుమారు 56 సెకన్లలో నిండుతుంది. 63 మి.మీ. లైను చివర 67 సెకన్లు, 50 మి.మీ. లైను చివర 82 సెకన్లు పడుతుంది. రెండు చోట్లా తేడా ఇలా బాగా ఎక్కువగా ఉంటే, మడి ఎత్తుకు పోయే కొంత మినహాయించి చూసినా, అనుమానించాల్సింది నేల మీది పైపును. బోరు దగ్గరే నీరు తక్కువగా వస్తుంటే నీటిమట్టాన్నీ, పంపునూ, బోరులోని పైపునూ చూసుకోవాలి. నీరు ఊరని బోరుకు ఎంత లావు పైపు వేసినా ప్రయోజనం ఉండదు. అక్కడ పెద్ద మోటారు ఇంకా చేటు, ఉన్న నీటిని త్వరగా తోడేసి పొడిగా తిరుగుతుంది.

కొత్త పంపు కొనడానికి వెళ్లేటప్పుడు నాలుగు అంకెలు రాసుకుని వెళ్లండి: మోటారు నడిచేటప్పుడు వేసవిలో ఉండే నీటిమట్టం, నీరు చేరాల్సిన చోటి ఎత్తు, పైపు పొడవూ లోపలి వ్యాసమూ, సెకనుకు కావలసిన లీటర్లు. వీటితో మొత్తం హెడ్ లెక్క కట్టమని అడగండి. ఆ హెడ్ దగ్గర ఎక్కువ సామర్థ్యమిచ్చే పంపునే ఎంచుకోండి. బీఈఈ స్టార్ లేబుల్ ఉంటే పోల్చుకోవడం సులువు. హెచ్‌పీ ఎంతన్నది ఈ లెక్క పూర్తయ్యాక దానంతటదే తేలుతుంది.

ఇక ఆ రెండో పొలం రైతు విషయానికి వస్తే, మోటారు మార్చే ముందు ఒక్క పూట డ్రమ్ము పరీక్ష చేసి చూడటం మంచిది. తక్కువైన నీళ్లు బోరులోనే ఉండి, పైపు దగ్గర ఆగిపోతూ ఉండవచ్చు.